నల్లబడని కణాలు

"అక్కా, మనిషి రక్తం యాడన్నా దొరికిందా?" ల్యాబ్ గుమ్మంలో ఆగి అడిగాడు జూనియర్ నిస్సార్.

"నాదే తీసినాను లేప్పా," అంది సుహాసిని, సూది తగలని వేలిని కొంగులో దాచుకుంటూ.

నిస్సార్ నమ్మి వెళ్లిపోయాడు. ఆ నమ్మకమే ఆమెకు గుచ్చుకుంది.

పరిశోధనలో చేరి మూడేళ్లయినా సూదంటే భయం పోలేదు. అందుకే మనిషి రక్తంతో పోల్చాల్సిన తొండ రక్తాన్నే రెండు స్లైడ్ల మీదా పూసి, ఒకదాని మీద తన పేరు రాసింది. ఈ రంగుమందు పోస్తే మనిషి తెల్లకణాలు నల్లబడతాయి, తొండవి నల్లబడవు. తెలిసిన సంగతే కదా, చూడకుండానే రాసేయొచ్చు అనుకుంది.

కిటికీలో తిరుమల ఘాట్ రోడ్డు దీపాలు. వెనక పంజరంలో తొండ జాలీని గీకుతోంది. రెండింటి మీదా మందు పోసి, తొండ స్లైడ్‌ని మైక్రోస్కోపు కింద చూసింది. కణాలు పాలిపోయి ఉన్నాయి. ఊరికే తన పేరున్న రెండోదీ పెట్టింది.

కాటుక చుక్కల్లా నల్లగా ఉన్నాయి.

మందూ ఒకటే, రక్తమూ ఒకటే. తన అబద్ధాన్ని ఎవరో నిజం చేసి పెట్టినట్టుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పళ్లు బిగించి వేలికి సూది గుచ్చుకుంది. మూడో స్లైడ్ మీద తన రక్తం పూసి, ఆరబెట్టి, మందు పోసి చూసింది.

ఒక్క కణమూ నల్లబడలేదు.

వెనక గీకుడు ఆగిపోయింది. సుహాసిని మెల్లగా తిరిగి చూసింది. తొండ తల వంచుకుని, ముందుకాలి వేలొకటి పొట్ట కింద దాచుకుంటోంది.