సున్నా నుంచి పది దాకా

“నొప్పి ఎంతుంది? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి,” అంది నర్సు.

“సున్నా,” అన్నాడు వెండెల్.

నర్సు నవ్వింది. “ఇక్కడికొచ్చేసరికి మగాళ్ళంతా వీరులైపోతారు. నిజం చెప్పండి పెద్దాయనా.”

“నిజమేనమ్మాయ్. రేపు అడుగు, ఎనిమిదో తొమ్మిదో చెప్తాను. అప్పుడు నీకు తృప్తిగా ఉంటుంది.”

నర్సు పేరు కాలీన్. ఆ వార్డుకి కొత్త. సరేలెమ్మని సున్నాయే వేసుకుంది. మంచం పక్కన కూర్చున్న మార్లిస్, వెండెల్ భార్య, కిటికీ వైపు తిరిగింది. బయట మినియాపొలిస్ మీద పొద్దుటినుంచీ మంచు పడుతూనే ఉంది.

వెండెల్ ఇళ్ళకి కప్పులు వేసేవాడు. ఆరేళ్ళ కిందట ఒక చర్చి కప్పు మీంచి జారి పడ్డాడు. వెన్నెముక విరిగింది. లోపల వెన్నుపాము తెగింది. బొడ్డు కింద స్పర్శ పోయింది. సుత్తి పెట్టి కొట్టినా కాలికి తెలియదు. విచిత్రమేమిటంటే, ఏమీ తెలియని ఆ కాళ్ళే భగభగా మండేవి. నిప్పుల్లో నిలబెట్టినట్టు అరిచేవాడు. స్పర్శే లేని కాలికి నొప్పేమిట్రా అని సొంత అన్నే వెటకారం చేశాడు.

నమ్మింది డాక్టర్ హాగెన్ ఒక్కతే. ఆ నొప్పి ఎక్కడ పుడుతుందో వెతకడంలోనే ఆమె బతుకంతా గడిచింది, ఎలుకల వెన్నుల్లో.

“తెగిన చోటికి పైనున్న నరాలకి కింది నుంచి కబురు ఆగిపోతుంది. కబురు లేకపోతే అవి ఊరుకోవు వెండెల్. తామే ఒక పుకారు పుట్టిస్తాయి,” అని చెప్పిందామె.

ఆ పుకారు నోరు మూయించడానికి అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి తయారుచేయించింది. వెన్నులో అమరిస్తే సన్నగా కరెంటు పంపుతుంది. ఎలుకల తర్వాత మనుషుల వంతు వచ్చినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు వెండెల్.

ఎత్తక ఏం చేస్తాడు? మాత్రలు మింగితే మత్తే తప్ప మంట తగ్గేది కాదు. మంట లేచిందంటే కంచాలు గోడకి తగిలేవి. పెంపుడు కుక్క మంచం కిందికి దూరేది. ఒకనాడు వేటతుపాకీ కోసం చక్రాల కుర్చీలో ఇల్లంతా గాలించాడు. మార్లిస్ దాన్ని అప్పటికే తమ్ముడింట్లో దాచింది కాబట్టి మనిషి దక్కాడు. నడక రాకపోతే పీడాపోయింది, మంట లేకపోతే చాలు అనేవాడు. అంతకు మించి అతను ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఇవాళ్టి ఆపరేషన్ ఆ యంత్రం కోసమే.

మొన్న ఆదివారం గడ్డకట్టిన సరస్సు మీద బెజ్జం కొట్టుకుని, పొద్దంతా గాలం వేసుకు కూర్చున్నాడు. ఇంకెప్పుడైనా అయితే చలికి కాళ్ళు పాడవుతాయని మార్లిస్ ఇల్లు పీకి పందిరేసేది. ఈసారి నోరెత్తలేదు. నిన్న రాత్రి కూతురొచ్చింది. మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అది నిద్రపోయినా దించలేదతను. అది చూసి మార్లిస్ వంటింట్లోకెళ్ళి ఏడ్చింది.

“మార్లీ, ఆ తుపాకీ మీ తమ్ముడి దగ్గరే ఉండనీ,” అన్నాడు వెండెల్.

“పొద్దున్నే ఆ పాడు మాటలెందుకయ్యా?”

“ఊరికే. వాడికైనా ఒక జింక దొరుకుతుందేమోనని. ఇన్నేళ్ళలో ఒక్కటీ కొట్టలేదు వెధవ.”

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

డాక్టర్ హాగెన్ వచ్చింది. రాత్రంతా నిద్ర లేనట్టుంది మొహం. వెండెల్‌ని పక్కకి తిప్పించి, వీపు మీద పాత కుట్ల మచ్చ మీదే పెన్నుతో గీత గీసింది.

“గీత వంకర పోయినట్టుందే డాక్టరమ్మా! నా దగ్గర పనికొచ్చి ఉంటే కప్పు మీంచి దింపేసేవాణ్ణి.”

ఆమె పెన్నుకి మూత పెట్టింది.

“ఒక్క నెల ఆగకూడదా డాక్టర్?” అంది మార్లిస్.

“ఆపగలిగినన్నాళ్ళు ఆపాను మార్లిస్. ఇక నా చేతుల్లో లేదు.”

కాలీన్ తలుపు వైపు చూసింది. “యంత్రం కంపెనీ నుంచి ఎవరూ రాలేదే? ఇలాంటి ఆపరేషన్‌కి ఎప్పుడూ ఒకాయనొచ్చి పెళ్ళిపెద్దలా నిలబడతాడుగా.”

“ఇవాళ ఎవరూ రారు,” అంది డాక్టర్.

కాలీన్ మంచం చక్రాల బిగింపు వదులు చేసింది. “పెద్దాయనా, లోపలికి తీసుకెళ్ళే ముందు ఒక్క ప్రశ్న. పొరపాటు జరగకూడదని అందరినీ అడుగుతాం. ఇవాళ మీకు ఏం చేయబోతున్నామో మీ నోటితో చెప్పండి.”

“మీకు తెలిసిందేగా. నువ్వే చెప్పు, నేను ఊ కొడతాను.”

“అలా కుదరదు. పేషెంటే చెప్పాలి. పద్ధతి.”

మార్లిస్ అతని చెయ్యి పట్టుకుంది. డాక్టర్ తల దించుకుంది. అంతసేపూ పరాచికాలాడిన మనిషి మొహంలో ఇప్పుడు నవ్వు లేదు.

“కంపెనీ మూతపడి ఇక దీన్ని చూసే దిక్కు లేదు కాబట్టి, రెండేళ్ళుగా నా మంటని ఆర్పి ఉంచిన యంత్రాన్ని, బంగారంలా పనిచేస్తున్నదాన్ని, ఇవాళ నా వెన్నులోంచి పీకేస్తారమ్మా.”