నల్లబడ్డ కత్తి

"ఈ కత్తి నా వంటింట్లకు రాదు," అన్నాడు అజ్మత్ అలీ, తాహిర్ అందించిన కత్తిని ఒక్కసారి వెలుతురుకు పట్టి చూసి.

తాహిర్‌ పొద్దున్నే లేచి ఇటుకపొడి, నిమ్మచెక్క పెట్టి గంటసేపు తోమి తెచ్చిన కత్తి అది. మొహం చూసుకునేటట్టు మెరుస్తోంది. హుస్సేనీ ఆలంలోని ఆ పెద్దింటి దేవిడీలో మగవాళ్ల వైపు మర్దానా, ఆడవాళ్ల వైపు జనానా, రెండు వంటిళ్లకూ అజ్మత్ అలీయే పెద్ద. పనికి వచ్చినవాణ్ని ముందు కత్తి అడుగుతాడని, పేరు కూడా ఆ తర్వాతే అడుగుతాడని నలుగురూ చెబితే విని, తాహిర్ అంత శ్రమపడ్డాడు.

ముసలాయన కత్తిని తిరగేశాడు. పిడి మొదట్లో, ఇటుకపొడి చేరని చోట, చిన్న మరక మిగిలింది. గోటితో గీకితే ఎర్రటి తుప్పుపొడి రాలింది.

"ఇది జంగు. తడి తుడవకుంట యాడనో పడేసినవ్. నిన్నటిదాంక నిండ ఎర్రగుండె, ఇయ్యాల రుద్దినవ్. దినాం పనిచేసే కత్తి గిట్ల మెరవది బేటా, నల్లగైతది. గసొంటిది ఉంటే రేపు పట్టుకరా. లేకుంటే రాకు."

తాహిర్ సలాం చేసి బయటికొచ్చాడు. తను వండిపెట్టిన పాత నవాబుగారి ఇల్లు మూతపడ్డాక మూడు నెలలుగా అతనికి పని లేదు. భార్య రాబియా ఖీమా కూరి లుఖ్మీలు చేసి ఇరుగుపొరుగు ఇళ్లకు పంపుతుంటే పొయ్యి వెలుగుతోంది. లోకం దృష్టిలో మాత్రం ఆ ఇంట్లో వంటవాడు తాహిరే. నల్లటి కత్తి ఇంట్లో ఒకటుంది. అది రాబియాది.

ఆమె అడగ్గానే ఇవ్వలేదు. పొద్దున ఖీమా దేనితో కొట్టాలని అడిగింది. మీ కత్తికేమైందని అడిగింది. పెద్ద దేవిడీలో నౌకరీ అని, ఒక్క పూటకేనని తాహిర్ బతిమాలాడు. తన కత్తిని ఎందుకు కాదన్నారో మాత్రం చెప్పలేదు. చివరికి ఆమె కత్తిని పొడిగుడ్డతో తుడిచి, నువ్వులనూనె చుక్క రాసి, పాత దుపట్టా ముక్కలో చుట్టి ఇచ్చింది. తడి చేత్తో పట్టుకోవద్దని రెండుసార్లు చెప్పింది.

మర్నాడు అజ్మత్ అలీ ఆ గుడ్డ విప్పాడు. కత్తిని వాకిట్లోకి తెచ్చి ఎండలో అటూ ఇటూ వంచాడు. పిడి దగ్గర నెమలిమెడలాంటి నీలం. నడుమ బొగ్గునలుపు. మొన వైపు బూడిదరంగు పొరలు. ఎక్కడా ఎరుపు చుక్క లేదు.

"ఈ నీలం మాంసంతోని వచ్చింది," అన్నాడు వేలితో చూపిస్తూ. "గిది ఉల్లిగడ్డ. గీ బూడిదరంగు మామిడికాయ పులుపు. జంగు కత్తిని తింటది, ఈ నలుపు కత్తిని కాస్తది. ఎన్నేండ్ల కత్తి?"

"తొమ్మిదేండ్లు, ఉస్తాద్." అంతవరకు నిజమే. రాబియా కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న కత్తి.

"నీదేనా?"

"నాదే."

అయితే ఇంత బాగా ఎట్లా చూసుకుంటున్నావని ముసలాయన అడిగాడు. తాహిర్ తడబడకుండా చెప్పాడు. ఒక్క ఉల్లిగడ్డ కోసినా వెంటనే తుడవాలని, నీళ్ల గిన్నెలో ఎప్పుడూ వదలకూడదని, పుల్లటిది కోస్తే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలని, పని ముగిశాక నూనెచేత్తో ఒకసారి నిమరాలని. చెబుతూ చెబుతూ అతనే ఆశ్చర్యపోయాడు. తొమ్మిదేళ్లుగా గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తూ ఇవన్నీ చూస్తూనే ఉన్నాడు. చూస్తున్నానని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

అజ్మత్ అలీ తలూపి, చెక్కదిమ్మ మీద గుప్పెడు మాంసం, రెండు ఉల్లిగడ్డలు పెట్టించాడు. ఖీమా కొట్టమన్నాడు.

కత్తి తాహిర్ చేతిలో కుదురుగా నిలవలేదు. పిడి మీద వేళ్ల ఒరిపిడికి పడ్డ గుంతలు అతని వేళ్లకు ఇరుకుగా ఉన్నాయి. ఒక దెబ్బ దగ్గరగా పడితే ఒకటి దూరం పడింది. ఉల్లిగడ్డ ముక్కలు చిన్నా పెద్దా అయ్యాయి. చెమట కళ్లల్లోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు. పని పోయినట్టేనని మనసులో అనుకుని, అయినా ఆపకుండా కొట్టాడు.

ముసలాయన ఖీమా వైపు చూశాడు. కత్తి తీసుకుని తన కండువాతో తుడిచాడు, మొన నుంచి పిడి దాకా, తొందర లేకుండా.

"నౌకరీ పక్కా," అన్నాడు.

తాహిర్ నమ్మలేకపోయాడు. వంగి ముసలాయన చేతిని కళ్లకద్దుకున్నాడు. ఇంటికి పోగానే రాబియాకు ఏ మాట ముందు చెప్పాలో కూడా అప్పుడే అనుకున్నాడు.

"పొద్దుగాల ఎన్ని గంటలకు రావాలె ఉస్తాద్?"

అజ్మత్ అలీ పిడి కొసను అతని వైపు తిప్పి పట్టుకున్నాడు. ఆ చెక్క మీద వెంట్రుకంత సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, లెక్కలేనన్ని.

"ఇవి గాజులు తాకి పడ్డ గీతలు," అన్నాడు. "నువ్వు ఫజర్ నమాజ్ కాంగనే ఆమెను తీస్కొచ్చి, జనానా దర్వాజ కాడ దింపిపో."