ఓటమి ఎరుగని జట్టు

1905 నవంబరులో అయోవాలోని మా కాలేజీ, బంతి కోసం ఒకరినొకరు కుమ్ముకునే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే మా జట్టుకి విందు చేసింది. టర్కీ కోడి మాంసం నములుతూనే కోచ్ ప్రూయిట్ లేచాడు.

"ఈ ఏడాది మనల్ని ఓడించిన మొనగాడు లేడు!"

ఏనాడూ దెబ్బ తినని పెద్దమనుషులే గట్టిగా చప్పట్లు కొట్టారు. జట్టులో ఆడిన నేనూ సిగ్గులేకుండా కొట్టాను.

మా జట్టువాడు ఈనక్‌కి ఇచ్చిన పతకాన్ని వాళ్ళమ్మ అందుకుని, నా పక్కన కూర్చుంది.

"మొత్తం ఎన్ని ఆటలు గెలిచారు, నాయనా?"

"ఒక్కటేనమ్మా. మీవాడు మెడ విరిగి చనిపోయిన ఆటే. ఆ తర్వాత మాతో ఆడటానికి ఏ కాలేజీ రాలేదు."

ఆమె పతకం నా చేతిలో పెట్టింది.

"ఇది మీ కోచ్ కోటుకి తగిలించు. ఆయనకే బాగా అవసరంలా ఉంది."

తగిలించాను. ప్రూయిట్ మురిసిపోయి నా భుజం తట్టాడు.