మింగేసిన మొదటి మాట

రేపు పదింటికి బెంజ్ సర్కిల్ దగ్గర సెంటరులో నాకు టెన్త్ ఇంగ్లీషు సప్లిమెంటరీ. నలభై మూడేళ్ల వయసులో మార్చిలో ఒకసారి తప్పాను. ఇదీ తప్పితే ఆఫీసువాళ్లిచ్చిన గడువు దాటి, అటెండరు ఉద్యోగం చేజారిపోతుంది.

సర్వనామాలే నన్ను ముంచుతున్నాయి. గైడులో పేర్లు నా తలకెక్కడం లేదని, మా అమ్మాయి సింధూరి ఇంట్లోవాళ్ల పేర్లతో నోటుపుస్తకంలో వాక్యాలు రాసిచ్చింది. పైకి చదివి, ఏది సబ్జెక్టో ఏది ఆబ్జెక్టో చెప్పాలి.

"గేవ్ హర్ ఎ బుక్," అని చదివాను. "హర్ అంటే ఆమెకు. ఆబ్జెక్టు."

"మొదటి మాట మళ్లీ మింగేశావు! ఇచ్చింది ఎవరమ్మా?"

"ఆయన."

"అదీ సర్వనామమే! అక్కడున్న పేరు చదువు."

మళ్లీ "గేవ్" నుంచే మొదలుపెట్టాను. సింధూరి పుస్తకం మూసేసి ఏడ్చేసింది. "ఇంత చిన్నది రాకపోతే రేపేం రాస్తావమ్మా? మనం ఎలా బతకాలి?"

భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని కాపురానికొచ్చిన రోజే అత్తగారు చెప్పారు. ఇరవై రెండేళ్లు ఆ మాట తప్పలేదు. ఆసుపత్రిలో చీటీ రాయించేటప్పుడు కూడా పక్కింటావిడ చేతే చెప్పించాను.

పుస్తకం తెరిచి, ఆ వాక్యంలో మొదటి మాట మీద వేలు పెట్టాను.

"బసవయ్య," అన్నాను.

కిందటి శ్రావణంలో ఆయన పోతే ఖాళీ అయిన అటెండరు ఉద్యోగమే నాకు ఇస్తామన్నది. తగ్గడానికి ఇక ఆయుష్షు లేదని నా పెదవులకే ఇన్నాళ్లూ తెలియలేదు.