ఆ వైపు కిటికీ

హాల్లో నలభై కుర్చీలు వేయించాలి. కిటికీలకు నల్లగుడ్డ బిగించాలి. తెర మీద మడతలు పోగొట్టాలి. స్పీకర్లు పరీక్షించాలి. ఆఖరి సీను ఇంకోసారి సరిచూడాలి. నాన్నను పెందలాడే బయల్దేరదీయాలి.

ఆదివారం పొద్దున చీటీ మీద ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చిందామె. సరిచూడటం ఒక్కటే మిగిలిపోయింది. మిగిలిపోయిందో, తనే మిగిల్చిందో.

ఫిల్మ్ క్లబ్బులో ఈ నెల బ్రిటిష్ సినిమా. ఇంగ్లిష్ రానివాళ్ళు కూడా చూడాలని ఈసారి తెర కింద తెలుగు మాటలు వేద్దామనుకున్నారు. "ఎం.ఏ. ఇంగ్లిష్ చేశావు, నీకిదో లెక్కా అమ్మా?" అంటూ క్లబ్బు అధ్యక్షుడు, రిటైరైన లెక్చరరు, ఆ పని ఆమె చేతిలో పెట్టాడు.

వాళ్ళింట్లో అంతకుముందు హైస్కూలు గడప తొక్కినవాళ్ళే లేరు. ఆ ఎం.ఏ. మీద ఒక్క మాట పడితే ఇంటిల్లిపాదికీ తల కొట్టేసినట్టే. అందుకని మూడు వారాలు కళ్ళు మండేదాకా కూర్చుని రాసింది.

నాన్న ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. బజారు మూల తాళాలు బాగుచేస్తాడాయన. ఎంత తోముకున్నా గోళ్ళ సందుల్లో నూనె నలుపు వదలదు. "మా నాన్న" అని అందరికీ చెప్పిందామె. లెక్చరరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టాడు.

సినిమాలో కథ చిన్నదే. ఎప్పుడూ వాన కురిసే ఊరు. టీ దుకాణం నడిపే ఒంటరి ముసలాయన. పై గదిలో అద్దెకు దిగిన సంగీతం టీచరమ్మ. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఇద్దరూ నోరు విప్పరు. చివరికి టీచరమ్మ ఊరు వదిలి బస్సెక్కుతుంది. ముసలాయన మెట్టు దగ్గర నిలబడతాడు. తెర కింద రెండు ముక్కలు:

"కిటికీ పక్కన కూర్చో. ఈ వైపు కాదు, ఆ వైపు."

బస్సు కదులుతుంది. అంతే.

లైట్లు వెలిగాయి. ముందుగా లేచింది బ్యాంకు మేనేజరే.

"ఏం సినిమాలండీ ఇవి! రెండు గంటలు వానలో నానబెట్టి, ఉతక్కుండా ఆరేశారు. వీళ్ళకి ప్రేమ కూడా రేషనేనా?"

"మీకు పాటా ఫైటూ ఉంటే గానీ అరగదు లెండి." మందుల షాపావిడ అందుకుంది. "పిల్లలకి పోసే సిరప్పు ఉంటుంది చూడండి. నోట్లో తియ్యగా ఉంటుంది, గొంతు దిగాక చేదు తెలుస్తుంది. బ్రిటిష్ సినిమా అలాంటిది. ఆ చివరి మాట మళ్ళీ ఒకసారి అనుకోండి."

"ఏముంది అందులో? ఆ వైపు సీటు మెత్తగా ఉంటుందేమో!"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఈ వైపు కూర్చుంటే ఆయన ఏడవటం కనపడుతుంది కదండీ!" అంది మందుల షాపావిడ. "ఇంకోటి గమనించారా? సినిమా మొత్తం 'మీరు, మీరు' అన్న మనిషి, ఆ ఒక్కచోట 'కూర్చో' అన్నాడు. దాచుకున్నదంతా ఆ ఒక్క ముక్కలో జారిపోయింది."

ఆమె చెవులు వేడెక్కాయి. అది తనూ ఇప్పుడే గమనించింది.

ముందు వరుసలోంచి నాన్న వెనక్కి తిరిగాడు. "ఏమన్నాడండీ ఆయన? అక్షరాలు పరుగెడుతుంటే నేనందుకోలేకపోయాను."

బ్యాంకు మేనేజరు నెమ్మదిగా చెప్పాడు. చెబుతూ చెబుతూ తనే తడబడ్డాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సరే, ఓడిపోయానండీ. ఆ ఒక్క మాటకి ఓడిపోయాను. బ్రిటిష్ వాళ్ళు కాబట్టి అనగలిగారు. మనవాళ్ళైతే బస్సుకి అడ్డం పడి ఊరంతా వినేలా ఏడుస్తారు. ఇలాంటి మాట మన నోట పుట్టదు. ఏమంటారు పెద్దాయనా?"

నాన్న కాసేపు గోళ్ళకేసి చూసుకున్నాడు.

"బస్సు కదిలాక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో దోపుకున్నాడు చూడండి, అది బాగుంది బాబూ. మాటలంటారా... నిజమే. మాకంత మాటలెక్కడివి?"

ఆమె లేవబోయింది. ఒక్క మాట చెబితే చాలు. మళ్ళీ కుర్చీలోనే కూర్చుండిపోయింది.

లెక్చరరు ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఆ మాటకి అసలు ఇంగ్లిష్ ఏమిటి? ఒకసారి చెప్పు, చెవులారా విందాం."

నలభై కుర్చీలూ ఆమెకేసే చూస్తున్నాయి. చెప్పేయొచ్చు. చెబితే ఎం.ఏ. ఏం వెలగబెట్టావంటారు. ముందు వరుసలో నాన్న వింటాడు.

ఆమె అప్పటికప్పుడు ఒక ఇంగ్లిష్ వాక్యం కూర్చి చెప్పింది. గొంతు వణకలేదు. వణికి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

"ఆహా! వాళ్ళ మాటే వేరు" అన్నాడు లెక్చరరు. చప్పట్లు మోగాయి. అందరూ ఆపేశాక కూడా నాన్న కొడుతూనే ఉన్నాడు. పక్కాయనతో "మా అమ్మాయేనండీ రాసింది" అంటున్నాడు. ఆమె తల దించుకుని, అక్కర్లేకపోయినా, వైర్లు చుట్టడం మొదలుపెట్టింది.

మీరెప్పుడైనా ఆ సినిమా చూస్తే, ఇంజిను మోతలో ముసలాయన పెదవులు కదలడమే తప్ప ఏమన్నాడో ముప్పైసార్లు విన్నా ఆమెకు అందలేదని తెలుసుకుని, కాలేజీకి పంపిన రోజున బస్సు మెట్టు దగ్గర నిలబడి కూతురితో ఆ కిటికీ మాట అన్న తాళాల మేస్త్రీని ఒక్కసారి తలుచుకోండి.