క్లచ్ ఉండాల్సిందే

"ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టు అమోసూ. ఒక్క కాలుతోని నడుపుకోవచ్చు," అన్నాడు షరీఫ్.

"క్లచ్ ఉండాల్సిందే."

"నీకు ఎడమ కాలే లేదు గద భాయ్!"

"ఆ సంగతి నాకు తెలీదా? ఆరు గేర్లది తెప్పించండి."

షరీఫ్ తల పట్టుకున్నాడు. జగిత్యాల నుంచి ఒమాన్ వచ్చి సూర్ పట్నంలో స్పేర్‌పార్టుల దుకాణం నడుపుతున్న మనిషి. ఎంతమంది మొండివాళ్లకు సామాన్లు అమ్మాడో! ఇలాంటివాణ్ణి మాత్రం చూడలేదు.

అమోసుది నరసాపురం. సూర్‌లో పదిహేనేళ్లు గ్యారేజీ మెకానిక్‌గా చేశాడు. మూడేళ్ల కిందట యాక్సిడెంట్‌లో ఎడమ కాలు మోకాలి పైదాకా పోయింది. అప్పట్నుంచీ ఇంటిపట్టునే ఉంటున్నాడు. భార్య సామ్రాజ్యం ఆస్పత్రిలో నర్సు. ఆమె డ్యూటీ మీదే ఇల్లు గడుస్తోంది.

ఆ కారు ఒక ముసలి ఒమానీ ఆయన తోటలో ఖర్జూర మట్టల కింద ఇరవై ఏళ్లుగా పడి ఉంది. డెబ్బై ఒకటి మోడల్ అమెరికన్ బండి. పొడవాటి ముక్కు, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. తీసుకుపోతే తన స్థలం ఖాళీ అవుతుందన్నాడు ముసలాయన. అమోసు దాన్ని లారీ మీద తెచ్చి అద్దె ఇంటి వాకిట్లో దింపించాడు.

పగలంతా చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని దాని కిందే ఉండేవాడు. ఎండకు పానాలు చేతులు కాల్చేవి. తడి గోనెసంచిలో చుట్టి పెట్టుకునేవాడు. కార్బురేటర్ పీకేసి, కంప్యూటర్‌తో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టాడు. పాత డ్రమ్ బ్రేకులు తీసేసి నాలుగు చక్రాలకూ భోజనం పళ్లేలంత డిస్కులు బిగించాడు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బ్రేకు పైపులు వేరువేరుగా లాగాడు.

"అందరు బండి ఉరికేతందుకు పార్టులు అడుగుతరు. నువ్వు ఆపేటియే అడుగుతున్నవ్," అన్నాడు షరీఫ్.

"ఆగుతుందని నమ్మకం ఉంటేనే కదా భాయ్, ఎవరైనా యాక్సిలరేటర్ తొక్కేది!"

"మరి ఈ క్లచ్ గోలేంది?"

"బ్రేకు పోయినా గేరు దించి ఆపుకోవచ్చు."

సామ్రాజ్యం ఆ బండి దగ్గరికే వచ్చేది కాదు. ఆస్పత్రి బస్సు దిగి, గోడవారగా నడిచి, తిన్నగా వంటింట్లోకి వెళ్లిపోయేది.

"ఆ ఇనుము తీయించేయండి. నేను దాన్ని చూళ్లేకపోతన్నాను," అంది ఓ రోజు.

"మళ్లీ రోడ్డెక్కాల్సిందే, సామ్రాజ్యం."

"జరిగింది చాల్లేదా? ఊరంతా నవ్వుతున్నారండీ."

"నవ్వనీ."

ఇంటి యజమాని సాలిం కూడా నవ్వాడు. తర్వాత విసుక్కున్నాడు. ఒంటికాలి మనిషి, మూడు పెడళ్ల కారు! ఈద్ లోపల బండి కదలకపోతే ఖలాస్, తుక్కు లారీ పిలుస్తానన్నాడు.

ఈద్‌కు మూడు వారాలుందనగా, గేర్‌బాక్స్ ఎక్కిస్తూ అమోసు పలక మీంచి జారాడు. మొండికాలి మీద చర్మం చీలింది. సామ్రాజ్యం కట్టు కట్టింది. రోజంతా గాయాలు చూసే మనిషి, ఆ కాలివైపు మాత్రం చూడకుండా చేతులతో తడుముకుంటూ కట్టింది. కన్నీళ్లు కట్టు మీద పడ్డాయి.

"ఏడవకు. పని ఆపను," అన్నాడు అమోసు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ బండి కిందకి దూరాడు.

రెండు వారాలకు ఇంజను పలికింది. ఆ గర్జనకు వీధిలో పిల్లులు గోడలు దూకాయి. షరీఫ్ పరీక్షకు తీసుకెళ్లాడు. అరగంటలో నవ్వుతూ తిరిగొచ్చాడు.

"నూటిరవై మీద బ్రేకు తొక్కిన. గోడకు కొట్టిన మేకు లెక్క నిలబడ్డది! కానీ సీటు గింత ముందుకెందుకు పెట్టినవ్? నా మోకాళ్లు పగులుతున్నయ్. నువ్వు నాకంటే పొడుగాయె."

"సరిపోతుందిలెండి," అన్నాడు అమోసు.

తనిఖీ అయింది. మార్పులకు అనుమతి కాగితాలూ, నంబరు ప్లేటూ వచ్చాయి.

ఈద్ ముందటి శుక్రవారం పొద్దున సాలిం అన్న మాట ప్రకారం తుక్కు లారీతో వచ్చాడు. వీధి వీధంతా గేటు దగ్గర పోగైంది. ఒకడు ఫోను పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు.

"ఏదీ, నడుపు చూద్దాం," అన్నాడు సాలిం.

అమోసు ఊతకర్రల మీద బండి చుట్టూ తిరిగాడు. డ్రైవర్ తలుపు బార్లా తెరిచాడు. అక్కడ ఆగకుండా అవతలివైపుకు వెళ్లి, పక్కసీట్లో కూర్చున్నాడు.

"సామ్రాజ్యం! రా."

వంటింటి గుమ్మంలో ఆమె బిగుసుకుపోయింది.

"నా వల్ల కాదండీ."

"అవుతుంది. ప్రతి బోల్టూ నా చేత్తో బిగించాను. రా."

"ఈసారి మీకు ఏమైనా అయితే?"

"నేను పక్కన కూర్చుంటున్నానంటే నీకు అర్థం కావట్లేదా?"

జనం నవ్వు ఆపేశారు. సామ్రాజ్యం తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటున్నట్టు నడిచి వచ్చి, సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. క్లచ్ నొక్కి, మొదటి గేరు వేసింది. సాలిం స్వయంగా పక్కకు తప్పుకుని, లారీవాణ్ణి వెనక్కి పొమ్మని సైగ చేశాడు. కారు గేటు దాటి రోడ్డెక్కింది.

మూడేళ్ల కిందట ఖురియాత్ దారిలో బ్రేకు పడక కారు కొండను గుద్దుకుని అమోసు కాలు పోయిన రోజున, స్టీరింగ్ పట్టుకుని ఉన్నది సామ్రాజ్యమే.