కోడలి మంటకు మజ్జిగ

రండ్రి, రండ్రి, అరుగు మీదికి జరగుండ్రి. ఓ నాగవ్వా, నీ కోడి ముచ్చట రేపు చెప్పుదువు, గిప్పుడు జర నోరు మూయి. ఇది మన యాలాల్ ఊరి బాల్‌రాజ్ ఇజ్జత్ ముచ్చట. చెవులు గిటు పెట్టుండ్రి.

బాల్‌రాజ్ వికారాబాద్ దవఖానల నర్సు ముందట నిలవడ్డడు. పక్కనున్న తాండూర్‌ల దవఖాన లేకనా? ఉన్నది. గాని ఆడ అందరు ఎరుకైనోల్లే. తలకాయ నెరవకముందే మామైన మనిషి, ఆడోల్ల ముచ్చట అడగాల్నంటే సచ్చేటంత సిగ్గు. అడగకుంటేనేమో, ఆ ఇంట్ల మంట ఎంతంటే, ఛాతి మీద అప్పడం పెడితే కాలుతది. నేను సూడలే గాని, నిజం.

"మా... మా కోడలికి మేడమ్," అన్నడు కింద బండలు సూసుకుంట. "కడుపుతోని ఉన్నది. తిన్నదంత మంటలెక్క పైకొస్తున్నది. ఇంటి మందు ఏమన్న..."

"ఎన్నో నెల?"

"నాలుగు."

"కారం, పులుపు, చాయ తగ్గియ్యాలె. ఒక్కపారే కడుపునిండ కాదు, జర్రంత జర్రంత ఐదారు పార్లు పెట్టుండ్రి. తినంగనే పండుకోవద్దు. పండుకుంటె తలకాడ ఎత్తు పెట్టుకొని ఎడమ దిక్కు ఒరగాలె. పలుచటి మజ్జిగ, జీలకర్ర నీళ్లు మంచిగుంటయి. గోలి ఏదైనా డాక్టర్‌ను అడిగే వెయ్యాలె. తగ్గకుంటె తోల్కరాండ్రి."

"ఈడికి తోల్కరావాల్నా?" బాల్‌రాజ్ మొఖం మాడిపోయింది.

"ఓ అన్నా!"

ఎనకకు సూస్తే వియ్యపురాలు సంతోషమ్మ! కండ్ల మందుకని నవాబుపేట నుంచి వచ్చి లైన్ల నిలవడ్డది. అంత విన్నది.

"నాలుగంటవేంది? నా బిడ్డకు ఆరు పడ్డది! కోడలి నెలలు గూడ యాదుండయా?"

"ఆ... ఆరే చెల్లె. నోరు జారింది."

"నిన్న ఫోన్ల మంచిగున్న అన్నది పోరి. కారం తినవెట్టి, అమ్మకు చెప్పొద్దన్నరా?"

లైనంత తిరిగి సూసింది. ఆ బండ పగిలితే లోపలికి పోదామనుకున్నడు బాల్‌రాజ్.

"పా, నేనే వస్త," అన్నది సంతోషమ్మ.

"వద్దు చెల్లె, ఎండ మస్తున్నది..."

"నా బిడ్డ మండుతుంటె నాకు ఎండనా? మరి నీ పెండ్లాం, గోవిందమ్మ వదిన ఏం జేస్తున్నది? మూడు నెల్లాయె, పెండ్లికి రాదు, పేరంటానికి రాదు."

"నడుము నొప్పి," అన్నడు బాల్‌రాజ్.

బస్సెక్కినకాడికెల్లి ఆమె తిడుతనే ఉన్నది. ఆ తిట్లకు బెదిరి డ్రైవర్ ధారూర్‌ల గూడ ఆపలే, దిగేటోల్లు తాండూర్ దాంక వచ్చిన్రు. బాల్‌రాజ్ కిటికీల తలవెట్టి కూసున్నడు.

ఇల్లు చేరంగనే సంతోషమ్మ గిలాసల మజ్జిగ కలిపి వాకిట్లకొచ్చింది. కోడలు హాసిని గోడకు ఒరిగి మిరపకాయ బజ్జీలు తింటున్నది.

"తాగు బిడ్డా, మంట సల్లార్తది."

"నాకేం మంటనే అమ్మా? ఇగో, ఇది ఎనిమిదోది."

"మరి మీ మామ దవఖానల..."

హాసిని మామ దిక్కు సూసి తల వంచింది. మామ చెప్పుల దిక్కు సూసుకున్నడు.

లోపలి అర్ర పరద జర్రంత జరిగింది. గాజుల చెయ్యి ఒక్కటి బయటికొచ్చింది.

"గా మజ్జిగ నాకియ్యి వదినా," అన్నది గోవిందమ్మ, వినపడీ వినపడక.

సంతోషమ్మ గిలాస ఆ చేతికిచ్చింది. నవ్వు ఆగక కొంగు నోట్లె కుక్కుకొని ఆడనే కూలబడ్డది. గోడవతల పక్కింటి ఏసుదాసు తాత మెడ సాపి అన్నడు:

"అయితే బాల్‌రాజూ, నీ మనుమడే చిన్నాయినకు ఉయ్యాల ఊపాలెనా?"